షాపు టైమింగ్స్ మారాయి, కౌంటర్లో స్టూళ్లు వేశాం, ఎందుకో చెప్తాను

అందరికీ నమస్కారమండి. ముందు పని మాట చెప్పేస్తాను. విశాఖ డాబాగార్డెన్స్ లో మన చీరల షాపు ఈ నెల నుంచి పొద్దున్న పదింటికి తీసి రాత్రి ఎనిమిదింటికే మూసేస్తున్నాం, ఇన్నాళ్లూ తొమ్మిదిన్నర దాకా ఉండేది. లైనింగ్ బ్లౌజు కుట్టుకూలి 400 నుంచి 440 అయింది, ఫాల్ పీకో 100 నుంచి 120. రెండు ట్రయల్ రూముల్లో ఒకటి తీసేసి ఆ జాగాలో బాత్రూం కట్టించాను. కౌంటర్ లోపల నాలుగు స్టూళ్లు వేశాను.

ఇదంతా మొన్న మన వాట్సాప్ గ్రూపులో పెడితే చాలామంది సరేనన్నారు, ఒక పెద్దావిడ మాత్రం, షాపు పెట్టిన రోజు నుంచీ నా దగ్గరే కొంటున్నావిడ, నన్ను కూతురిలా చూస్తారు, ఆవిడ ఇలా రాశారు, "ఇవన్నీ ఫెమినిజం కబుర్లు తల్లీ, ఈ రోజుల్లో ఆడపిల్లలు విమానాలు నడుపుతున్నారు, చట్టాలున్నాయి, బస్సు కూడా ఫ్రీ ఇచ్చారు, ఇంకా అదెందుకు, వ్యాపారం పాడవుతుంది చూసుకో". ప్రేమతోనే అన్నారని నాకు తెలుసు. గ్రూపులో రెండు ముక్కల్లో చెప్పే జవాబు కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మీలో చాలామందికి తెలియదు, ఈ షాపు పెట్టకముందు నేను పదకొండేళ్లు వేరేచోట సేల్స్ లో చేశాను. పేరు వద్దు. పొద్దున్న తొమ్మిదిన్నరకి నిలబడితే మధ్యాహ్నం భోజనానికి అరగంట, మళ్లీ రాత్రి దాకా నిలబడే. కస్టమర్ లేకపోయినా గోడకి ఆనుకోకూడదు, ఆనుకుంటే కెమెరాలో చూసి ఫ్లోర్ మేనేజర్ పిలిచేవాడు. నా ఎడమ పిక్కలో నరాలు ఉబ్బి నీలంగా కనిపిస్తాయే, అవి అక్కడ వచ్చినవే. బాత్రూం మూడో అంతస్తులో, వెళ్లాలంటే అడిగి వెళ్లాలి, అడిగేది మగ మేనేజర్ని, నెలసరి రోజుల్లో ఆ అడగడం ఎలా ఉంటుందో మగవాళ్లకి ఎంత చెప్పినా అర్థం కాదేమో గానీ మీకు చెప్పక్కర్లేదు. అందుకని మేమంతా ఒకటే ఉపాయం పెట్టుకున్నాం, నీళ్లు తాగడం మానేశాం.

అలాంటి దాన్ని, సొంత షాపు పెట్టుకున్నాక నేనేం చేశాను? నాలుగేళ్లు స్టూలు వేయలేదు. బాత్రూం లేదు, పక్క కాంప్లెక్స్ లో ఉన్నదానికి వెళ్లి వచ్చేవాళ్లు పాపం. చీరల షాపంటే ఇంతే కదా అని నేనూ అనుకున్నాను. అది నా తప్పు, నాది తప్పేనని షాపులో పనిచేసే ఈ పిల్లలకి కూడా చెప్పాను.

పోయిన మార్గశిరం గుర్తుందా, మూడో గురువారం. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనం చేసుకుని చేతులకి పసుపుతోనే షాపుకి వస్తారు కదా మీరంతా, ఆరోజు కాలు పెట్టే సందు లేదు. మన పెందుర్తి అమ్మాయి పైఅరలోంచి మంగళగిరి చీరలు దించుతూ దించుతూ అలాగే కిందకి జారిపోయింది. చీరల మీద పడింది కాబట్టి తలకి దెబ్బ తగల్లేదు. ముఖం మీద నీళ్లు కొట్టి "ఏమైందే" అంటే "ఏటి లేదమ్మా, బానే ఉన్నాను" అని లేవబోయింది. దాని బ్యాగులో టిఫిన్ డబ్బా కోసం చూస్తే లీటరు నీళ్ల సీసా కనపడింది, మూత సీలు కూడా తీయలేదు. టైము సాయంత్రం నాలుగు. "పొద్దున్నించీ తాగలేదా" అంటే తల దించుకుంది. జనం ఇంతమంది ఉంటే మధ్యలో పక్క బిల్డింగుకి ఎలా వెళ్తాను, అందుకే తాగలేదు అంది. పదిహేనేళ్ల కిందట నేను చేసిన పనే, నా షాపులో, నా ఎదురుగా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండి.

ఫెమినిజం ఇంకా అవసరమా అని అడిగితే నాకు ఆ సీలు తీయని సీసా గుర్తొస్తుంది. విమానం నడిపే అమ్మాయిని చూసి నాకూ సంతోషమే, నా కూతురికి ఆ ఫొటోలు చూపిస్తాను. కానీ ఆ విమానం కింద ఈ ఊళ్లో ఎన్ని బట్టల షాపులున్నాయి, జగదాంబ నుంచి గాజువాక దాకా ఎంతమంది పిల్లలు నిలబడి ఉన్నారు, వాళ్ల సంగతి ఎవరు మాట్లాడాలి?

ఇది నాకొక్కదానికే తట్టిన సంగతి కూడా కాదు. కేరళలో కోజికోడ్ మిఠాయి తెరువు అని బట్టల షాపుల వీధి ఉంది, మన పూర్ణా మార్కెట్ లాగ రద్దీగా ఉంటుంది. అక్కడ టైలరింగ్ పని చేసుకునే విజి అనే ఆవిడ షాపుల్లో పనిచేసే ఆడవాళ్లని కూడగట్టి పెణ్‌కూట్టు అని సంఘం పెట్టింది. మొదట వాళ్లు అడిగింది జీతాలు కూడా కాదు, బాత్రూం! తర్వాత కూర్చునే హక్కు. ఏళ్ల తరబడి పోరాడితే 2018లో కేరళ ప్రభుత్వం షాపుల చట్టం మార్చి, పనివాళ్లకి కూర్చోడానికి సీటు ఉండాల్సిందే అని పెట్టింది. 2021లో తమిళనాడు కూడా అలాంటి చట్టమే చేసింది. కూర్చోడానికి చట్టం కావాల్సి వచ్చిందంటే ఎంత దూరం వెళ్లిందో చూడండి.

ఇంకో మాట, ఇది నాకు చాలా రోజుల నుంచి లోపల ఉంది. మా చిన్నప్పుడు చీరల కొట్టుకి వెళ్తే తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద మగవాళ్లు బాసింపట్టు వేసుకుని కూర్చుని చీరలు విప్పి చూపించేవారు, మనమూ ఎదురుగా కూర్చునేవాళ్లం, వాళ్లు కూర్చున్నారని ఎవరైనా మర్యాద తక్కువైందనుకున్నామా? తర్వాత గాజు కౌంటర్లు వచ్చాయి, ఆ పనికి తక్కువ జీతానికి ఆడపిల్లలు వచ్చారు, అప్పుడు కూర్చోవడం తప్పయింది. పని అదే, చీర అదే.

స్టూళ్లు వేసిన మొదటి వారంలోనే ఒకావిడ వచ్చారు, పెళ్లి చీరలు కావాలన్నారు, మన అమ్మాయి కూర్చుని ఉప్పాడ చీర కొంగు విప్పి చూపిస్తుంటే "ఏంటమ్మా, కూర్చుని చూపిస్తోంది, మేం ఏమైనా ఊరికే వచ్చామా" అని నా వైపు చూశారు. అమ్మాయి గబుక్కున లేచిపోయింది. నేను వెళ్లి దాని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, "మీరూ కూర్చోండమ్మా, ఇద్దరూ కూర్చుంటే చీర బాగా కనపడుతుంది" అని ఆవిడకీ ఒక స్టూలు లాగాను. కాసేపు ముఖం ముడుచుకున్నారు గానీ కూర్చున్నారు. మూడు చీరలు తీసుకున్నారు.

చట్టాలున్నాయిగా అన్నారు. ఉన్నాయండి, నేనే చెప్తాను. ఎన్టీఆర్ గారి ప్రభుత్వం 1985లోనే కొడుకుతో పాటు కూతురికీ ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా అని మన రాష్ట్రంలో చట్టం తెచ్చింది, దేశమంతటికీ 2005లో గానీ రాలేదు. మరి నాకు 1998లో పెళ్లయింది, నాన్న పోయాక రిజిస్ట్రార్ ఆఫీసులో నా చేత సంతకం పెట్టించారు, "నీకు పసుపు కుంకుమ కింద ఇచ్చేశాంగా" అన్నారు, పెట్టేశాను. చట్టం ఉందని తెలుసు, అడిగితే పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందని కూడా తెలుసు. అందుకే ఈ షాపు అడ్వాన్సు కట్టడానికి గాజులు తాకట్టు పెట్టాను. మీలో ఎంతమంది ఇలాంటి సంతకం పెట్టారో నేను అడగను, బ్లౌజు కొలతలు ఇస్తూ మీరే చెప్పారు నాకు.

పనిచేసే చోట వేధింపుల మీద చట్టం కూడా అంతే. దానికి ముందు 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుని విశాఖ తీర్పు అంటారు, పేరు వినగానే మన ఊరనుకుంటాం, కాదు, అది కేసు వేసిన ఒక మహిళా సంస్థ పేరు. దాని వెనకాల ఉన్నది రాజస్థాన్ లో భన్వరీదేవి, ఊళ్లో బాల్యవివాహం ఆపబోయినందుకు 1992లో ఆవిడ మీద అఘాయిత్యం చేశారు. అక్కడి నుంచి కదిలితే 2013కి చట్టమైంది. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసేచోట ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి, మనలాంటి చిన్న షాపులైతే జిల్లాలో లోకల్ కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. ఇది మా పిల్లల్లో ఒక్కరికీ తెలియదు, నేను చెప్పేదాకా. ఇప్పుడు బిల్లింగ్ దగ్గర గోడకి తెలుగులో రాసి అంటించాను, మీకూ కనపడుతుంది, చదవండి, మీ ఇంట్లో ఉద్యోగం చేసే అమ్మాయిలకి చెప్పండి.

ఇక ఫ్రీ బస్సు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఫ్రీ చేసిన స్త్రీ శక్తి పథకం వచ్చాక మా పెందుర్తి అమ్మాయి నెలకి మిగిలిన డబ్బులతో చిట్టీ కడుతోంది, నిజంగా మంచి పని. కానీ తొమ్మిదిన్నరకి షట్టర్ వేస్తే, మడతలు పెట్టి లెక్క చూసి బయటపడేసరికి పది అవుతుంది, ఆ టైముకి బస్సు కోసం చూసి చూసి షేర్ ఆటో ఎక్కాల్సిందే, అందులో మగవాళ్ల మధ్య ఇరుక్కుని ఇంటికి వెళ్లేదాకా వాళ్లమ్మ ఫోన్ చేస్తూనే ఉంటుంది. ఎనిమిదింటికి మూస్తే బస్సు దొరుకుతుంది. షాపు ముందుగా మూయడానికి కారణం అదేనండి, ఇంకేం లేదు.

వ్యాపారం పాడవుతుందా అంటే, దాచను, ఈ నెల కొంచెం తగ్గింది. ఆఫీసు నుంచి ఎనిమిది దాటాక వచ్చే కస్టమర్లు కొందరు పోయారు. బాత్రూంకి ప్లంబింగ్ తో కలిపి లక్షా పది వేలు అయింది, అందుకే కుట్టుకూలి పెంచాల్సి వచ్చింది, పెంచినదాంట్లో సగం మా టైలరింగ్ ఆడవాళ్లకే ఇస్తున్నాను. మా టైలర్ మాస్టర్ గారికీ వాళ్లకీ ఒకే బ్లౌజుకి వేరువేరు రేటు ఇచ్చేదాన్ని ఇన్నాళ్లూ, ఎందుకని ఎవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. ఇప్పుడు ఒకటే రేటు. మాస్టర్ గారు రెండ్రోజులు మాట్లాడలేదు, తర్వాత మామూలే.

ఎనిమిది దాటాక రావాల్సినవాళ్లు వాట్సాప్ లో వీడియో కాల్ చేయండి, పగలు నేనే చీరలు చూపిస్తాను, పక్కన పెట్టి ఉంచుతాను, ఆదివారం వచ్చి తీసుకెళ్లండి. మార్గశిర గురువారాల్లో మాత్రం పొద్దున్న ఎనిమిదికే తీస్తాం, మూసే టైము అదే ఎనిమిది. ట్రయల్ రూము ఒక్కటే ఉంది కాబట్టి కొంచెం ఆగాల్సి వస్తుంది, ఆగేవాళ్లకి కూడా రెండు స్టూళ్లు చెప్పాను, బుధవారానికి వస్తాయి. కొత్త బాత్రూం మీకు కూడా, పిల్లల్ని తెచ్చినవాళ్లు మొహమాటపడకుండా అడగండి, తాళం పెందుర్తి అమ్మాయి దగ్గర ఉంటుంది.