గుడారంలో రాత్రంతా వాడొచ్చని అమ్మిన గ్యాస్ హీటర్‌పై ఫిర్యాదు

విశాఖపట్నం

వినియోగదారుల సేవల విభాగాధిపతి గారికి,

విషయం: పోర్టబుల్ గ్యాస్ హీటర్ పెట్టె మీద, మీ సైట్‌లో ఉన్న తప్పుడు భద్రతా ప్రకటనలు తొలగించడం గురించి.

నమస్కారం.

మీరు నా ఖాతాలో వెనక్కి వేసిన 4,299 రూపాయలు అందాయి. వెంటనే "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని మెసేజ్ కూడా వచ్చింది. నేను డబ్బు అడగలేదండీ. పెట్టె మీద బొమ్మ తీసేయమన్నాను, "రాత్రంతా నిశ్చింత" అన్న మాట తీసేయమన్నాను. ఈ ఉత్తరం రాస్తున్న పూట కూడా ఆ రెండూ మీ సైట్‌లో అలాగే ఉన్నాయి. చాట్‌లో ఎంత చెప్పినా రోజుకొక కొత్త మనిషి వచ్చి "హాయ్ మేడమ్, ఏం సహాయం కావాలి?" అని మొదటి నుంచి మొదలెడుతున్నారు కాబట్టి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

ముందు ఆ బొమ్మ సంగతి. మీ వాళ్లెవరూ దాన్ని సరిగ్గా చూసినట్టు లేదు. నీలం రంగు టెంట్, జిప్పు మొత్తం వేసి ఉంది. లోపల అమ్మ, నాన్న, మధ్యలో పాప దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నారు. వాళ్ల కాళ్ల దగ్గర మీ హీటర్ ఎర్రగా వెలుగుతోంది. కింద మూడు భాషల్లో "ఆక్సిజన్ సెన్సర్ ఉంది, రాత్రంతా నిశ్చింత" అని రాసి ఉంది. పెట్టె విప్పితే లోపల మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. అందులో తెలుగు లేదు, హిందీ లేదు. భూతద్దం పెడితే గానీ కనపడని ఇంగ్లిష్ అక్షరాల్లో, చివరి వైపున, గాలి బాగా ఆడే చోటే వాడాలి, నిద్రపోయే ముందు ఆర్పేయాలి, మూసి ఉన్న టెంట్‌లో వాడకూడదు అని ఉంది. కొనేటప్పుడు మేం చూసేది పెట్టె మీద బొమ్మ. ఏదైనా జరిగితే మీరు కోర్టులో చూపించేది లోపలి కాగితం. ఈ ఏర్పాటు ఎవరి సౌకర్యానికో వేరే చెప్పనక్కర్లేదు.

జరిగింది క్లుప్తంగా చెప్తాను. డిసెంబరులో మా కుటుంబం, మా తమ్ముడి కుటుంబం లంబసింగి వెళ్లాం. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున్న ఊరు. ఆ నెలల్లో తెల్లవారుజామున చలి ఎలా ఉంటుందో ఆంధ్రాలో అందరికీ తెలుసు. మా టెంట్‌లో మా అత్తయ్య, మా బాబు, నేను ఉన్నాం. మీ బొమ్మలో ఎలా ఉందో అలాగే హీటర్ పెట్టాం. కాసేపటికి అత్తయ్యకి తలనొప్పి మొదలైంది. చలిగాలి తగిలిందనుకుంది. బాబు వాంతి చేసుకున్నాడు. ఘాట్ రోడ్డు మలుపుల వల్ల అని ఒకరు, బొంగు చికెన్ పడలేదని ఒకరు. నాకు కూడా కణతల దగ్గర పొడుస్తోంది గానీ, ప్రయాణం బడలిక అనుకున్నాను. పక్క టెంట్‌లోంచి మా తమ్ముడు వచ్చి జిప్పు తీసి, "అక్కా, ముగ్గురికీ ఒకేసారి తలనొప్పి ఏంటి? ముందు బయటికి రండి" అని అత్తయ్యని చేయి పట్టుకుని లేపాడు. వాడు ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. బ్లాస్ట్ ఫర్నేస్ వైపు వెళ్లేవాళ్లు చొక్కా జేబుకి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుని కొలిచే మీటర్ తగిలించుకోకుండా అడుగు పెట్టరు. ఒకే చోట ఉన్న మనుషులందరికీ ఒకేసారి తల నొప్పి పుడితే ఏం అనుమానించాలో వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. బయట చల్లగాలిలో కూర్చుంటే నెమ్మదిగా తేరుకున్నాం. తర్వాత ఆసుపత్రికి వెళితే అత్తయ్యకి, బాబుకి ఆక్సిజన్ పెట్టారు.

ఇదంతా చెప్పాక మీ కస్టమర్ కేర్ ఇచ్చిన జవాబులు మూడు. ఒక్కొక్కటీ ఒక్కో ప్రమాదం కాబట్టి విడివిడిగా రాస్తున్నాను.

మొదటి జవాబు: "మేడమ్, గ్యాస్ వాసన రాలేదు కదా, అయితే లీకేజీ లేనట్టే." నేను హైస్కూల్లో పదో తరగతికి సైన్స్ చెప్తాను. ఈ మాట మా పిల్లలు పరీక్షలో రాస్తే సున్నా వేస్తాను. మనకు తెలిసిన గ్యాస్ వాసన మండని గ్యాస్‌ది. అది కూడా గ్యాస్ సొంత వాసన కాదు, లీకైతే తెలియాలని కలిపిన మెర్కాప్టాన్‌ది. మమ్మల్ని పడగొట్టింది గ్యాస్ సగం సగం మండితే పుట్టే కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. బర్నర్ పలక మీద దుమ్ము పట్టినా, గొట్టంలో సాలెగూడు అల్లుకున్నా, లోపల గాలి చాలకపోయినా అది తయారవుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. బయటికొచ్చినా మామూలు గాలిలో అందులో సగం పోవడానికే నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టింది అందుకే.

రెండో జవాబు ఇంకా ఘోరం. "ఆక్సీమీటర్‌లో 98 ఉందని మీరే చెప్పారు కదా మేడమ్, మరి ప్రాబ్లమ్ ఏముంది?" కరోనా పుణ్యమా అని ఆ వేలి మిషన్ ఇప్పుడు ప్రతి ఇంట్లో ఉంది. మేమూ బాబు వేలికి పెట్టి చూశాం, 98 చూపించింది. మామూలు ఆక్సీమీటర్‌కి ఆక్సిజన్ పట్టుకున్న రక్తానికీ, మోనాక్సైడ్ పట్టుకున్న రక్తానికీ తేడా తెలియదు. రెండూ దానికి ఎర్రగానే కనిపిస్తాయి. ఆ అంకె చూసి ధైర్యం తెచ్చుకుని మళ్లీ టెంట్‌లో పడుకుంటే ఏమయ్యేదో మీరే ఆలోచించండి. ఈ సలహా మీ వాళ్లు ఇంకెవరికీ ఇవ్వకుండా చూడాలి.

మూడో జవాబు మీ ప్రకటన మొత్తానికి ఆధారం: "ఆక్సిజన్ సెన్సర్ ఉంది మేడమ్, ఏదైనా అయితే ఆటోమేటిక్‌గా ఆగిపోతుంది." అందులో ఉన్నది కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టే సెన్సర్ కాదు. అక్కడ ఒక చిన్న పైలట్ మంట, దానికి ఎదురుగా వేడిని గుర్తుపట్టే పుల్ల ఒకటి ఉంటాయి. గాలిలో మామూలుగా 21 శాతం ఉండే ఆక్సిజన్ 18 శాతం దరిదాపులకి పడితే ఆ మంట పుల్లకి దూరం జరుగుతుంది, పుల్ల చల్లారుతుంది, గ్యాస్ వాల్వు మూసుకుంటుంది. మంచి ఏర్పాటే, హీటర్‌కి ఉండాల్సిందే. కానీ టెంట్ గుడ్డలోంచి, కుట్ల సందుల్లోంచి కొంచెం కొంచెం గాలి వస్తూనే ఉంటుంది. ఆక్సిజన్ 18 దాకా పడకుండానే లోపల మోనాక్సైడ్ పేరుకుపోవచ్చు.

ఊరికే అనడం లేదు. తిరిగొచ్చాక మా డాబా మీద అదే టెంట్ వేసి, మనుషులెవరూ లేకుండా లోపల హీటర్ వెలిగించి, పక్కన తమ్ముడు తెచ్చిన మీటర్, ఎదురుగా వీడియో ఆన్ చేసిన ఫోన్ పెట్టి జిప్పు వేశాం. బయట నీళ్ల బకెట్లు పెట్టుకున్నాం. పావుగంటకే అంకె 50 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ల గాలిలో 50 పాళ్లు, దాటింది. మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో ఎనిమిది గంటల షిఫ్టుకి సగటున పెట్టిన పరిమితి అది, అదీ ఒళ్లు గట్టిగా ఉన్న కార్మికులకి. అరగంట దగ్గరికి వచ్చేసరికి 120, ఇంకా పెరుగుతూనే ఉంది. మీ ఆక్సిజన్ సెన్సర్ కిక్కురుమనలేదు. రెండు తలుపులూ పూర్తిగా తీసి, గాలి ఆడాక ఆర్పేశాం. ఇది డాబా మీద ఒక టీచరు చేయాల్సిన పరీక్ష కాదు, అమ్మకముందు మీ ల్యాబ్‌లో చేయాల్సిన పరీక్ష. వీడియో పెన్‌డ్రైవ్‌లో జత చేస్తున్నాను.

"ఒక్క డబ్బాతో ఎనిమిది గంటలు" అన్న మాట కూడా అబద్ధమే. మీ హీటర్ 1,200 వాట్లని వెనక స్టిక్కర్ చెప్తోంది. డబ్బాలో 230 గ్రాముల గ్యాస్. కిలోకి దాదాపు 12.7 కరెంటు యూనిట్లకి సమానమైన వేడి లెక్కన అది రెండున్నర గంటలకి మించి రాదు. పెట్టె మీద "ప్రొపేన్ హీటర్" అని ఉంటుంది, మీరు దాంతో పంపే డబ్బా మీద మాత్రం బ్యూటేన్ అని ఉంది. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దాకా ఆవిరవుతుంది, బ్యూటేన్ సున్నా దగ్గరే మొరాయిస్తుంది. అంటే చలి ఎక్కువైన వేళకే మంట నీరసపడుతుంది. "రాత్రంతా" అన్న మీ మాట నమ్మినవాళ్లు ఏం చేస్తారు? నిద్రమత్తులో, చీకట్లో, కాలుతున్న బర్నర్ పక్కనే డబ్బా మారుస్తారు. ఈ గ్యాస్ గాలి కంటే బరువు. టెంట్ అడుగు నీళ్లు రాకుండా అంచులు పైకి లేపి కుట్టి ఉంటుంది కాబట్టి, లీకైన గ్యాస్ మనం పడుకున్న ఎత్తులోనే నిలుస్తుంది. దుప్పట్లు తడిసిపోవడం వీటి ముందు చిన్న సంగతే అయినా రాస్తున్నాను. ఒక డబ్బా మండితే 350 మిల్లీలీటర్ల పైచిలుకు నీరు ఆవిరై లోపలే ఉండిపోతుంది. తెల్లారేసరికి టెంట్ గుడ్డ మీంచి చినుకులు పడుతున్నాయి.

పెట్టె మీద ఏం ఉండాలో కూడా నన్నే చెప్పమంటే చెప్తాను. తెలుగులో, పెద్ద అక్షరాల్లో, బొమ్మ కంటే పైన: పడుకునే ముందు ఆర్పేయండి. వెలిగి ఉన్నంతసేపు టెంట్‌కి పైన ఒక చోట, కింద ఒక చోట తెరిచి ఉంచండి, ఒక్క జిప్పు రెండు అంగుళాలు తీస్తే చాలదు. బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం విడిగా కొనుక్కోండి. డబ్బా బయటే మార్చండి. పరుపు మీదా, స్పాంజి చాప మీదా పెట్టకండి, అడ్డంగా పడితే ఆగే స్విచ్ మెత్తటి చోట సరిగ్గా పనిచేయకపోవచ్చు. నిజానికి నన్నడిగితే టెంట్‌కి హీటర్ ఎంచుకునేవాళ్లకి చెప్పాల్సిన మొదటి మాట, అది పడుకోబోయే ముందు ఓ అరగంట వెచ్చబడటానికే అని. రాత్రికి కావాల్సింది కింద దళసరి చాప, మంచి స్లీపింగ్ బ్యాగు, వేడినీళ్ల సంచి. ఇవి కూడా మీరు అమ్ముతున్నారు, బొమ్మలో ఇవి పెట్టుకోవచ్చు. కుంపటి పెట్టి తలుపులు మూయకూడదని మా అత్తయ్య తరానికి బాగా తెలుసు. ఆవిడ మీ హీటర్‌ని నమ్మింది పొగ రాకపోవడం వల్లా, పెట్టె మీద "సెన్సర్" అని ఉండటం వల్లా.

ఇలాంటివి మాకొక్కళ్లకే జరిగాయని మీ మేనేజరు అన్నారట. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో కేరళ నుంచి వెళ్లిన ఎనిమిది మంది, అందులో నలుగురు పిల్లలు, హోటల్ గదిలో చనిపోయారు. చలికి తలుపులు, కిటికీలు వేసుకుని గ్యాస్ హీటర్ పెట్టుకున్నారని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. అది గది. టెంట్ దానికంటే ఎన్నో రెట్లు చిన్నది.

ఇప్పుడు నేను కోరేవి. బొమ్మ, "రాత్రంతా నిశ్చింత", "ఎనిమిది గంటలు" అన్న మాటలు సైట్‌లోంచి వెంటనే, పెట్టెల మీంచి కొత్త సరుకు బయటికి వెళ్లేలోపు తీసేయాలి. ఇప్పటిదాకా ఈ మోడల్ కొన్న అందరికీ వాళ్ల భాషలో హెచ్చరిక మెసేజ్ పంపాలి. వాళ్ల ఫోన్ నంబర్లు మీ దగ్గర ఉన్నాయి, పండగ ఆఫర్లకి పంపుతున్నారు కదా. కస్టమర్ కేర్ వాళ్లకి వాసన, ఆక్సీమీటర్ సంగతులు నేర్పించాలి. 15 రోజుల్లో ఇవి జరగకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఊరుకోను. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో సరైన హెచ్చరిక ఇవ్వని తయారీదారు బాధ్యత గురించి 84వ సెక్షన్ ఉంది, తప్పుదోవ పట్టించే ప్రకటనకి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయగల 21వ సెక్షన్ ఉంది. నేనుండే జిల్లాలోనే కేసు వేసే వీలు కూడా ఆ చట్టమే ఇచ్చింది.

హీటర్ వెనక్కి తీసుకెళ్లడానికి మీ కొరియర్ అబ్బాయి వచ్చాడు. ఇవ్వలేదు. దాన్ని తుడిచి మళ్లీ ఇంకొకరికి "ఓపెన్ బాక్స్" పేరుతో అమ్మరన్న నమ్మకం నాకు లేదు, పైగా అది ఇప్పుడు సాక్ష్యం. దాని కోసం మీరు వెనక్కి వేసిన 4,299 రూపాయలు కావాలంటే తిరిగి పంపిస్తాను, ఖాతా వివరాలు రాయండి.

బిల్లు, పెట్టె నాలుగు వైపుల ఫొటోలు, లోపలి కాగితం జిరాక్స్, ఆసుపత్రి చీటీలు, చాట్ ప్రింట్లు జత చేశాను. జవాబు ఫోన్‌లో వద్దు, సంతకం ఉన్న కాగితం మీద ఇవ్వండి.

ఇట్లు,
మీ హీటర్ కొన్న వినియోగదారు