మా ఎలుకలను ఆదుకున్న అందరికీ కృతజ్ఞతలు

తిరుపతిలో ఎలుకల్ని ఇంట్లో పెంచుకునే మా అందరి తరఫున ఈ నాలుగు మాటలు.

ముందుగా డాక్టరు గారికి నమస్కారం. రెండు మూడేళ్లు బతికే ప్రాణికి ఆపరేషన్ ఎందుకని ఆయన ఒక్కసారి కూడా అనలేదు. పేరు పెట్టి పిలిస్తే పరుగెత్తుకొచ్చే జీవికి ఆ మర్యాద దక్కాల్సిందే. ఏడాదిన్నర దాటిన ఆడ ఎలుకల్లో రొమ్ము గడ్డలు మామూలు. పాలగ్రంథులు మెడ నుంచి గజ్జల దాకా ఉంటాయి కాబట్టి గడ్డ చంకలోనైనా రావచ్చు. చాలావరకు క్యాన్సర్ కావు గానీ వారాల్లోనే నిమ్మకాయంత అవుతాయి. బఠాణీ గింజంత ఉన్నప్పుడే చూపించండి. ఆపరేషన్‌కు ముందు రాత్రంతా పస్తు పెట్టొద్దని డాక్టరు గారు గట్టిగా చెప్పారు. ఎలుకకు వాంతి చేసుకునే శక్తే లేదు కాబట్టి, మత్తులో వాంతి కాకుండా పెట్టే పస్తుతో ఒరిగేదేమీ లేదు, పైగా ఒంట్లో చక్కెర పడిపోతుంది. కుట్లు పైకి కనిపిస్తే కొరికేస్తుందని చర్మం లోపలే వేశారు. మత్తు దిగేదాకా వేడినీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి పక్కనపెట్టి, ఒళ్లు చల్లబడకుండా కనిపెట్టుకున్న కాంపౌండర్ అన్నకూ రుణపడి ఉంటాం.

మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్ పంపిన చిత్తూరు అక్కా, మీ మేలు మరవలేం. ఎలుకల ప్రాణాలు ఎక్కువగా తీసేది ఊపిరితిత్తుల జబ్బే. ముక్కు చుట్టూ ఎర్రటి మరక కడితే అది నెత్తురు కాదు, కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే పార్ఫిరిన్ అనే ఎర్రటి పదార్థం. ఒంట్లో బాగాలేదనడానికి అదొక గుర్తు. చెవికి ఆనించుకుని వినండి, ఊపిరిలో టిక్కుటిక్కుమని చప్పుడొస్తే ఆ రోజే తీసుకెళ్లాలి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాసిస్తే పెరుగన్నంలో కలపొద్దు. కాల్షియం ఆ మందును ఒంటికి పట్టనివ్వదు. అరటిపండు గుజ్జులో పెట్టమని అక్క చెప్పిన ఉపాయం బాగా పనిచేస్తుంది.

ఎండాకాలంలో పంజరాలకు చల్లటి గది ఇచ్చిన ఇంటి ఓనరమ్మకు ప్రత్యేకంగా దండాలు. ఎలుకకు మనలా చెమట పట్టదు, తోక గుండా వేడి వదులుతుంది. 30 డిగ్రీలు దాటితేనే దానికి కష్టం, ఇక్కడ 40 కూడా దాటుతుంది. రంపపు పొట్టు దుమ్ము పడదని తెలిసి, పంజరంలో పరవడానికి అచ్చు వేయని తెల్ల కాగితం ముక్కలు ఊరికే ఇస్తున్న ప్రెస్సు అన్నకూ కృతజ్ఞతలు.

జతలో ఒకటి పోతే మిగిలింది ఒంటరితనంతో కుంగిపోతుంది. అలాంటివాటికి తోడు చూపిస్తున్న తిరుచానూరు పిల్లలూ, కొత్తదాన్ని నేరుగా పాత పంజరంలోకి వదలకుండా ముందు రెండిటికీ కొత్తయిన చోట కలుపుతున్నారు చూడండి, అది ఎప్పుడూ మానొద్దు.