నాన్న కోపంగా లేరురా

చిన్నా,

జలుబు తగ్గిందా? రాత్రిళ్ళు త్వరగా పడుకుంటున్నావా? నీ ఫోన్ వచ్చి మూడు వారాలైంది, పనులుంటాయిలే, దానికోసం కాదు ఈ ఉత్తరం. బుజ్జికి కళ్ళజోడు వచ్చింది. పిన్ని మోకాలు పర్వాలేదు. పిన్నే చెప్పింది, 'నాన్నకు నా మీద కోపం, ఫోన్ ఇచ్చినా మాట్లాడటం లేదు' అని నువ్వు బాధపడ్డావట. అది కోపం కాదురా.

షుగరూ కీళ్ళనొప్పులూ నాన్నకు పాతవే. ఈ మధ్య వేళ్ళు వంగక చొక్కా గుండీలు పట్టడం లేదు. ఒకరోజు ఆస్పత్రికి టైమవుతోందని నేనే గబగబా పెట్టేశాను. ఆ మర్నాటి నుంచి చొక్కా వేసుకోవడమే మానేశారు. తర్వాత గడ్డం, ఆ తర్వాత పేపరు, చివరికి రేడియో కూడా. వయసు మీద పడిందనుకున్నాను. మొన్న డాక్టరమ్మ షుగరు సంగతి పక్కనపెట్టి, స్నానం మీరే చేస్తారా, మంచం మీంచి మీరే లేస్తారా అని మొదలుపెట్టి, ఆ తర్వాత మనసు గురించి అవును, కాదు అని చెప్పే 15 ప్రశ్నలు అడిగింది. ఎందుకూ పనికిరానని అనిపిస్తోందా అంటే 'అవును' అన్నారు. ఇన్నేళ్ళు పక్కనే ఉండి ఆ మాట నేను ఒక్కసారీ అడగలేదు.

ఇది డిప్రెషనట, మనసు కుంగిపోయే జబ్బు. పెద్దవాళ్ళకు అది వస్తే ఏడవాలని లేదట, నీరసం, ఒళ్ళునొప్పులు, నిద్రలేమి, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఇలా బయటపడుతుందట. పని చేసుకోలేక మనసు కుంగుతుంది, కుంగితే మందులు మానేస్తారు, నడవరు, షుగరు పెరుగుతుంది, ఇంకా చేతకాకుండా పోతుంది. థైరాయిడ్, బి12 విటమిన్ కూడా చూపించాం, వాటిలో తేడా ఉన్నా ఇలాగే ఉంటుందని. డిప్రెషన్‌కి డాక్టరమ్మ మాత్ర రాసింది. గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, మనంతట మనం ఆపకూడదు. గుండీలు ఎంతసేపు పట్టినా ఆయన్నే పెట్టుకోనివ్వమంది.

నీకు నీతులు చెప్పకూడదనుకుంటూనే చెప్తున్నా. 'ధైర్యంగా ఉండు నాన్నా' అనకు. 'ఎలా ఉన్నావు' అనీ అడగకు, 'బాగానే ఉన్నా' అని ఫోన్ పెట్టేస్తారు. ఏదైనా సలహా అడుగు, నీ ఇంట్లో కుళాయి కారుతోందన్నావుగా, అది అడుగు. బతకాలని లేదు లాంటి మాట ఎప్పుడైనా అంటే మాత్రం తేలిగ్గా తీసుకోకు, వెంటనే నాకు చెప్పు, డాక్టరమ్మకు చెప్పాలి. నీ షుగరు కూడా ఒకసారి చూపించుకో, వాయిదా వెయ్యకు.

ఫోన్ సాయంత్రం చెయ్యి, పొద్దున్నే ఆయనకు మరీ బరువుగా ఉంటోంది. మాట్లాడకపోయినా పెట్టెయ్యకు, స్పీకర్లో ఉంచుతాను, వింటారు. నిన్న మూడు గుండీలు ఆయనే పెట్టుకున్నారు. చూడనట్టు తలుపు దగ్గరే నిలబడ్డాను.

అమ్మ