బొబ్బిలి కోట పడ్డాక

ఒరేయ్ చంటీ,

ఉత్తరం బాగా లేటైంది, కోప్పడకు. ఆఫీసులో నెలాఖరు పని, ఇంట్లో చెల్లి పెళ్ళిమాటలు, వైజాగ్‌లో ఉక్కపోత, నాన్నగారి మోకాలు ఫర్వాలేదు. అవన్నీ ఫోన్లో చెప్తా. బొబ్బిలి యుద్ధాన్ని బోర్డు మీద ఆడటానికి మనం రాసుకున్న దళాల లిస్టు పని చేసిందిరా! నిన్న రాత్రి మా మేడ మీద ఆడాం, నాకింకా నిద్ర పట్టలేదు.

నువ్వు హైదరాబాద్ వెళ్ళేముందు ఎక్కడ ఆగిపోయామో గుర్తుందిగా. డీబీఏ, అదే బొమ్మ దళాలతో పాతకాలపు యుద్ధాలు ఆడే ఆట, దాని రూల్స్ 1500 దగ్గర ఆగిపోతాయి, మనకి కావలసింది 1757 జనవరి 24. తుపాకీ దళాలు, విజయనగరం వైపు వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు మనమే రాసుకున్నాం, అంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా గెలుపు రూలుతోనే. చెరో పన్నెండు దళాలు, నాలుగు పోతే ఓటమి. మైదానంలో అది చక్కగా సరిపోతుంది, కోటలో మాత్రం బురుజు కూలేసరికే నాలుగూ పోయి ఆట అయిపోతుంది. మూడో వంతు పడిపోగానే చేతులెత్తేసే మనుషులా బొబ్బిలి రాజు రంగారావు మనుషులు? నువ్వన్నట్టు గోడకి ఇంకో పాయింటు ఇచ్చి కూడా చూశాను. అప్పుడు విజయనగరం గోడ దగ్గరికే రాదు, దూరంగా కూర్చుని ఫిరంగి డైస్ వేసుకుంటూ ఉంటుంది.

అప్పుడు తట్టింది. కోట పడాలి, పడ్డాకే అసలు ఆట ఉండాలి!

ఇదిగో రూలు. బొబ్బిలి ఆటగాడు మొదట్లోనే ఒక దళాన్ని బోర్డు బయట, రాజాంలో పెట్టేయాలి. అదే పాపారాయుడు. కథల్లో ఆ రోజు అతను అక్కడే ఉన్నాడంటారు కదా. అంటే కోటని పదకొండు దళాలతోనే కాయాలి, అదీ అతని ఖరీదు. నాలుగో దళం పోయాక కోట ఎన్ని టర్న్‌లు నిలబడితే, రాత్రి అతనికి అన్ని అడుగులు ఎక్కువ. విజయనగరం ఆటగాడు డేరాలు వేసి, తమ రాజు విజయరామరాజు, అంటే పాపారాయుడు రాత్రి వెతికి పట్టుకోవలసిన మనిషి, ఏ డేరాలో ఉన్నాడో కాగితం మీద రాసి మడిచి పెట్టాలి.

విజయనగరం ఆడింది ఎవరనుకున్నావ్, కింద వాటా సమోసా సేనాధిపతి! వాడికి జాలి లేదని నీకు తెలుసుగా. ఎదురుగా ఉన్న బురుజు పొద్దుపోకముందే లేపేశాడు. చివరికి గేటు దగ్గర ఒక్క దళం మిగిలింది నాకు. వాడు ఆరు వేశాడు, నేనూ ఆరు వేశాను. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ వెనక్కి వెళ్ళాడు. ఆ టర్న్‌లు ఎంత విలువైనవో వాడికి అప్పుడే అర్థమైంది, మొహం మాడిపోయింది. ఆ తర్వాత కోట పడింది. రాత్రయింది. జెండా పెట్టిన పెద్ద డేరా చుట్టూ కాపలా నింపేశాడు, కానీ ఫిరంగుల పక్కనున్న చిన్న డేరా వైపు కళ్ళు తిప్పనే తిప్పట్లేదు. నేను అటే వెళ్ళాను. గేటు దగ్గర సంపాదించిన ఆఖరి అడుగుతో అందుకున్నాను. కాగితం విప్పితే అదే డేరా!

కాసేపు మాట్లాడలేదు వాడు. తర్వాత, "అన్నా, ఇంకో ఆట. ఈసారి నేను బొబ్బిలి" అన్నాడు. ఇన్నాళ్ళూ ఆ వైపు ఎవరూ అడిగి తీసుకోలేదు చూడు, నాకు అది చాలు.

ఒక్క సంగతి మాత్రం నీతో ముందే చెప్తున్నా. కోటలో ఆడవాళ్ళకీ పిల్లలకీ జరిగింది బోర్డు మీదకి రాదు. దానికి బిళ్ళలూ ఉండవు, పాయింట్లూ ఉండవు. మన రూల్స్ పుస్తకంలో ఒక పేరా రాస్తాను, అది చదివాకే ఆట మొదలుపెట్టాలి. నువ్వు వద్దన్నా రాస్తాను.

కోట పడ్డాక బుస్సీ దళాలు రాత్రి కాపలాకి పనికొస్తాయా లేదా, అది నువ్వు తేల్చు. పనికొస్తే పాపారాయుడికి మరీ కష్టం అనిపిస్తోంది. లిస్టు జత చేశాను, ఎర్ర పెన్ను తీసి కూర్చో, నీ ఆరో ఏనుగు మాత్రం అడగకు, ఇవ్వను.

తర్వాతది మన పద్మనాభం యుద్ధం, 1794 జూలై 10. అదింకో రకం తలనొప్పి, చిన్న విజయరామరాజు ఎదురుగా ఉన్నది కంపెనీ సైన్యం, అక్కడ కోటా లేదు రాత్రీ లేదు, అందుకని నేననుకోవడం ఏంటంటే

అయ్యో, సేనాధిపతి డైస్ పట్టుకుని మెట్లెక్కేస్తున్నాడు. ఉంటాన్రా.

నీ
బుజ్జి