కొండరాజు కొలువులో వెటకారం

అమ్మడూ,

నువ్వు పంపిన రికార్డింగు మీ అమ్మా నేనూ విన్నాం. గ్రీగ్ బాణీ ‘కొండరాజు కొలువులో’ చివరికి వచ్చేసరికి నీ వేళ్లు పరుగందుకున్న తీరు ముచ్చటగా ఉంది. మొదలు మాత్రం మరీ గట్టిగా ఎత్తుకున్నావు. వాద్యబృందంలో దాన్ని చెల్లోలు, డబుల్ బేస్‌లు, బసూన్‌లు వంటి మంద్రస్వరపు వాద్యాలు అడుగు చప్పుడు వినపడనివ్వని దొంగల్లా మొదలుపెడతాయి. అక్కడ తగ్గితేనే చివర హోరు నిలబడుతుంది.

నార్వే జాతీయ సంగీతకర్త అంటే గ్రీగ్ అనీ, గ్రీగ్ అంటే ఈ బాణీ అనీ మీ టీచరు చెప్పారన్నావు. మొదటి మాటకు నాకు అభ్యంతరం లేదు. రెండో మాట గ్రీగ్ వింటే ఉలిక్కిపడేవాడు.

1874లో నార్వే నాటకకర్త ఇబ్సెన్ తన ‘పేర్ గింట్’ నాటకానికి సంగీతం కట్టమని ఆయన్ను అడిగాడు. ఆ పనిలో ఉండగానే స్నేహితుడు ఫ్రాంట్స్ బేయర్‌కు రాసిన ఉత్తరంలో గ్రీగ్ ఈ బాణీని తిట్టిపోశాడు. ఇది పేడ కంపు కొడుతోంది, నార్వే అతిశయంతో నిండిపోయింది, నేనే వినలేకపోతున్నాను అన్నాడు. అయినా ఇందులోని వెటకారం జనానికి అందుతుందని ఆయన నమ్మకం. ఆ కొలువులో ఉండేవి ట్రోల్ అనే కొండభూతాలు. ‘మనకు మనమే చాలు’ అన్నది వాటి నీతి. ఆవు రొట్టెలిస్తుంది, ఎద్దు మధువిస్తుంది, పులుపా తీపా అని అడగకు, మన ఇంట్లో తయారైంది కదా అంటాడు వాటి రాజు. దేశాభిమానం పేరుతో కళ్లు మూసుకునేవాళ్లను ఇబ్సెన్ ఏడిపిస్తుంటే, గ్రీగ్ దానికి వంత పాడాడు. లోకమేమో ఆ వెటకారాన్నే నార్వే గొంతు అనుకుంది!

అలాగని ఆయనకు దేశమంటే పట్టనిదేమీ కాదు. 1843లో ఆయన బెర్గెన్‌లో పుట్టేనాటికి నార్వే స్వీడన్ రాజు కింద ఉంది, అంతకుముందు డెన్మార్క్ ఏలుబడిలో ఉండేది. వయొలిన్ విద్వాంసుడు ఊలే బుల్ పట్టుబట్టడంతో పదిహేనేళ్లకే సంగీతం చదవడానికి జర్మనీలోని లైప్జిగ్ పంపారు. అక్కడ జబ్బుచేసి ఒక ఊపిరితిత్తి పాడైంది, ఆ బాధ జీవితాంతం వదల్లేదు. జర్మన్ పద్ధతి ఒంటపట్టాక, కోపెన్‌హాగెన్‌లో రికార్డ్ నూర్‌డ్రాక్ పరిచయమై సొంత నేల వైపు తిప్పాడు. నార్వే జాతీయగీతానికి బాణీ కట్టింది ఆ కుర్రవాడే. 1866లో, 23 ఏళ్లకే క్షయతో పోయాడు.

1899లో, చేయని దేశద్రోహం మోపిన యూదు సైనికాధికారి డ్రైఫస్‌ను ఫ్రాన్సు సైనిక న్యాయస్థానం మళ్లీ దోషి అన్నప్పుడు, పారిస్‌లో కచేరీ నడిపించమని వచ్చిన పిలుపును గ్రీగ్ తిప్పికొట్టాడు. 1903లో వెళితే ఈలలూ కేకలూ ఎదురయ్యాయి. అవి సద్దుమణిగే దాకా ఆగి కచేరీ నడిపించాడు. ‘మనకు మనమే చాలు’ అనుకునేవాడైతే పరాయి దేశపు యూదు అధికారి గొడవ ఆయనకెందుకు?

ఇప్పుడు నువ్వు వినవలసినవి చెబుతాను. నార్వేలోని టెలిమార్క్ ప్రాంతంలో క్నూట్ డాలె అనే పల్లెటూరి ఫిడేలు విద్వాంసుడు ఉండేవాడు. హార్డాంగర్ ఫిడేలు ఆయన వాద్యం. కమానుతో వాయించే తీగల అడుగున మరికొన్ని తీగలుంటాయి, వాటిని కమాను తాకదు, పై నాదానికి అవే పలుకుతాయి. మన సితార్‌లో తరబ్ తీగల పని ఇదే. పాత తరం వాళ్ల దగ్గర నేర్చిన బాణీలు తనతోనే పోతాయని ముసలితనంలో డాలెకు బెంగపట్టుకుంది. గ్రీగ్‌కు ఉత్తరాలు రాశాడు. గ్రీగ్ ఆ పనిని వయొలిన్ తెలిసిన యొహాన్ హాల్వొర్సెన్‌కు అప్పగించాడు. 1901లో డాలె వాయిస్తుంటే హాల్వొర్సెన్ 17 బాణీలు రాసుకున్నాడు. గ్రీగ్ వాటిని పియానోకు మలిచాడు. అవే గ్రీగ్ రచనల్లో 72వ ఓపస్ (కృతి సంఖ్య), ‘స్లోట్టర్’, అంటే పల్లె నాట్యాల బాణీలు. ఫిడేలు రాతప్రతినీ పియానో కూర్పునూ రెండింటినీ అచ్చువేయించాడు. ఎవరి దగ్గర ఏం తీసుకున్నాడో, దాన్ని ఏం చేశాడో ఎవరైనా పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఆయన చేసినవాటిలో నాకు అన్నిటికంటే ఎక్కువ నచ్చింది ఇదే, వాద్యబృందంతో కలిసి పియానో వాయించే ఆయన పేరున్న కాన్చెర్టో కంటే కూడా.

ఇవి చెవికి ఇంపుగా ఉండవు, ముందే చెబుతున్నాను. స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. నార్వేలో కూడా వీటిని సరిగా వాయించేవాళ్లు దొరకలేదని గ్రీగ్ వాపోయాడు. చివరికి ఆయనకు నచ్చేలా వాయించింది పెర్సీ గ్రెయింజర్ అనే ఆస్ట్రేలియా యువకుడు. 1907 వేసవిలో గ్రీగ్ ఇంటికి వచ్చి ఉన్నాడు కూడా. ఆ సెప్టెంబరులోనే గ్రీగ్ కన్నుమూశాడు.

కాబట్టి కొండరాజును కొన్నాళ్లు పక్కన పెట్టు. ముందు హార్డాంగర్ ఫిడేలు మీద ఈ బాణీలు వెతికి విను, ఆ తర్వాతే నోట్స్ తెరువు. ఒకటి ఎంచుకుని సంక్రాంతికి వచ్చేటప్పటికి సాధన చేసుకో. ఇంట్లో కీబోర్డు కీ ఒకటి నొక్కుకుపోయింది, ఈలోగా బాగుచేయిస్తాను.

ఆశీస్సులతో,
నాన్న