బుడగలు ఊదించిన సిస్టర్‌కి

మా బాబుకి ఆరేళ్లు. తలసీమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారవని జబ్బు. మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఉప్పల్‌లో మెట్రో ఎక్కినప్పుడు కబుర్లు చెప్పేవాడు, అమీర్‌పేట వచ్చేసరికి నా చున్నీ పట్టుకుని మూగబోయేవాడు.

పోయిన నెల రెండుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. వాడి ఏడుపుకి నా చేతులు కూడా వణికాయి. అప్పుడు మీరొచ్చి, "కాసేపు ఆపుదాం" అన్నారు. ఆ మాట మాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు సిస్టర్.

వాడి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, "ఏ చెయ్యి ఇస్తావు నాన్నా? నువ్వే చెప్పు" అని అడిగారు. వాడు చాలాసేపు ఆలోచించి ఎడమ చెయ్యి చాపాడు. చర్మం మొద్దుబారే క్రీమ్ రాసి, అది పనిచేయడానికి గంట పడుతుందని చెప్పి, ఆ గంటా తొందరపెట్టలేదు. నొప్పి ఉండదని అబద్ధం కూడా చెప్పలేదు. "చీమ కుట్టినట్టుంటుంది, అప్పుడు పేద్ద బుడగ ఊదాలి" అన్నారు. పడుకోబెట్టకుండా నా ఒళ్లోనే కూర్చోబెట్టారు. సబ్బు నీళ్ల సీసా ఎక్కడి నుంచి తెచ్చారో! వాడు ఊపిరి మెల్లగా వదులుతూ బుడగ ఊదుతుంటే సూది లోపలికి వెళ్లిపోయింది. "అయిపోయిందా?" అని వాడే అడిగాడు. నేను ఏడ్చేశాను.

మీ డ్యూటీ అప్పటికే అయిపోయిందని తర్వాత పక్క బెడ్ వాళ్లు చెప్పారు. పేరైనా అడగలేదు, క్షమించండి.

రేపు మళ్లీ వస్తున్నాం. బుడగల సీసా వాడే బ్యాగులో పెట్టుకున్నాడు, మీకు చూపించాలట.