లైసెన్సు లేని మనిషితో, పర్మిట్ లేకుండా చేయించిన ఏసీ, హీటర్ పని గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. మా ఇంట్లో పాత ఏసీ తీసేసి కొత్తది బిగించే పని, దాంతోపాటు గ్యాస్ హీటర్ పొగగొట్టం మార్చే పని మీ కంపెనీకి అప్పగించాం. "లైసెన్సు ఉన్న టెక్నీషియన్, పర్మిట్ ఖర్చుతో సహా" అని మీ కొటేషన్‌లోనే రాసి ఉంది. మీ రేటు మిగతావాళ్ళకంటే ఎక్కువే. అయినా ఆ ఒక్క లైను చూసి ఒప్పుకున్నాం. తీరా పని పూర్తయ్యాక తెలిసింది, వచ్చిన కుర్రాడికి లైసెన్సు లేదని, పర్మిట్‌కి మీ తరఫున అసలు దరఖాస్తే పడలేదని.

పర్మిట్ నంబరు అడిగితే మీ ఆఫీసులో ఏమన్నారో తెలుసా? "కంపెనీకి లైసెన్సు ఉందండీ. పాతది తీసి కొత్తది పెట్టడానికి పర్మిట్ ఎందుకు?" అన్నారు. కంపెనీ లైసెన్సు మీరు వ్యాపారం చేసుకోవడానికి. గ్యాస్ లైను, కరెంటు వైరు, రిఫ్రిజిరెంట్ (ఏసీలో చల్లదనం తెచ్చే గ్యాసు) ముట్టుకునే మనిషికి ఆ పనిలో అర్హత ఉండాలి, లేదా అర్హత ఉన్నవాళ్ళు పక్కనే నిలబడి చేయించాలి. పర్మిట్ సంగతి వేరు, అది ఏ పనికా పనికి తీసుకోవాలి. అది ఉంటేనే ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తారు. మా పనికి అది తప్పనిసరి అని పర్మిట్ ఆఫీసులో కనుక్కున్నాకే ఈ లేఖ రాస్తున్నాను.

ఆ రోజు జరిగింది దగ్గరుండి చూశాను. పాత యూనిట్‌లో ఉన్నది ఆర్-22 అనే రిఫ్రిజిరెంట్. దాన్ని రికవరీ మెషిన్‌తో సిలిండర్‌లోకి లాగాలి. అతను నట్టు వదులు చేసి గాల్లోకి వదిలేశాడు. బుస్సుమని పోయింది, గోడ మీద నూనె మరక ఇంకా అలాగే ఉంది. ఓజోన్ పొరను దెబ్బతీస్తుందనే కదా 1987 మాంట్రియల్ ఒప్పందం దగ్గర్నుంచి ఈ జాతి గ్యాసులకు కళ్ళెం వేస్తూ వచ్చారు. ఒక కిలో ఆర్-22 బయటికి పోతే వందేళ్ళ లెక్కలో సుమారు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి పెరుగుతుంది. అమెరికాలో ఇలా వదలడం 1992 నుంచే నిషేధం. ఈ పని చేసేవాళ్ళకు పరీక్ష, సర్టిఫికెట్ పెట్టింది ఇందుకే.

తర్వాత పైపుల్లోని గాలి, తేమ లాగేసే వ్యాక్యూమ్ పంపు పెట్టలేదు. కొత్త యూనిట్‌లోని ఆర్-32నే కాస్త వదిలి, పైపుల్లో గాలిని బయటికి తోసేశాడు. ఆర్-32 మంట అంటుకోగల గ్యాసు. పైగా అలా తోస్తే పైపుల్లో తేమ పోదు. ఆ తేమ కంప్రెసర్ నూనెతో కలిస్తే ఆమ్లం తయారై లోపల్నుంచి తినేస్తుంది. ఇప్పుడు చల్లగానే వస్తోంది, నిజమే. కంప్రెసర్ పోయిన రోజు మాత్రం "ఇన్‌స్టలేషన్ సరిగ్గా లేదు" అని వారంటీ కొట్టేస్తారు. అప్పుడు మేం ఎవర్ని అడగాలి?

అన్నిటికంటే భయపెట్టింది పొగగొట్టం. బయటికి పోయే వైపు ఎత్తుగా ఉండాల్సింది మధ్యలో కుంగి ఉంది, జాయింట్లకు స్క్రూలే లేవు. అక్కడ లీకైతే వచ్చేది కార్బన్ మోనాక్సైడ్, దానికి రంగూ వాసనా ఉండవు. పొగగొట్టం ఉన్న గోడకి అవతలే మా అమ్మ పడుకుంటుంది. హీటర్ గ్యాస్ వాల్వు కట్టేశాం, మీరు సరిచేసేదాకా తెరవం. ఇన్‌స్పెక్టర్ వచ్చి ఉంటే మొదటి చూపులోనే పట్టుకునేవారు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఈమధ్యే చేరానని, తనకి పంపు ఇవ్వలేదని అడిగిన వెంటనే చెప్పాడు. నేర్పకుండా, పనిముట్లు ఇవ్వకుండా గ్యాసు, కరెంటు పనికి ఒంటరిగా పంపింది మీరు. రేపు ఏదైనా జరిగితే ముందు కాలేది అతని చేతులే. ఈ ఫిర్యాదు చూసి అతన్ని తీసేస్తే మాత్రం అది ఇంకో అన్యాయం. పరీక్షకి కట్టించి, లైసెన్సు వచ్చేదాకా సీనియర్ వెంట పంపండి.

మీరు చేయాల్సింది ఇదీ: పర్మిట్‌కి మీ ఖర్చుతో దరఖాస్తు పెట్టండి, ఆలస్య రుసుము పడితే అదీ మీదే. లైసెన్సు ఉన్న టెక్నీషియన్‌ని పంపి గ్యాసు రికవరీ చేయించి, లీకులు తెలిసేలా నైట్రోజన్‌తో ప్రెషర్ టెస్ట్, వ్యాక్యూమ్ చేశాక తూకం ప్రకారం మళ్ళీ నింపించండి. రీడింగులు రాసిన కాగితం మాకు కావాలి. వచ్చే మనిషి లైసెన్సు నంబరు ముందే పంపండి, లైసెన్సింగ్ బోర్డు రికార్డులో సరిచూసుకున్నాకే గేటు తీస్తాం. పొగగొట్టం అన్నిటికంటే ముందు చూడాలి. పర్మిట్ పేరుతో తీసుకుని కట్టని డబ్బు వెనక్కి ఇవ్వండి.

ఫోన్‌లో మాటలొద్దు, రాతపూర్వకంగా జవాబివ్వండి. పదిహేను రోజుల్లో రాకపోతే కొటేషన్, బిల్లు, ఫోటోలతో లైసెన్సింగ్ బోర్డుకి, వినియోగదారుల ఫోరానికి ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ కస్టమర్

జతపరిచినవి: కొటేషన్ నకలు, బిల్లు, పొగగొట్టం జాయింట్ల ఫోటోలు